చెంగు మూల పసుపు

అనకాపల్లిలో నూకరత్నం అనే ఇల్లాలు ఉండేది. మనసు వెన్న, చేతిలో పనితనం ఉంది, కానీ ఏ వస్తువు గురించి చెప్పినా దాని మంచిని రెండింతలు చేసి, చెడ్డని నోట్లోనే మింగేయడం ఆవిడ అలవాటు.

ఆవిడ భర్త అప్పలస్వామి బెల్లం మార్కెట్టులో కాటా దగ్గర పనిచేసేవాడు. మార్కెట్టులో ఉన్న బెల్లం కంటే రత్నం మాటల్లో ఉన్న బెల్లమే ఎక్కువని వీధిలో వాళ్లు అనుకునేవారు. మాడిన అట్టు పళ్లెంలో వేసి, కరకరలాడుతోంది తినండి అనేది. పక్కింటివాళ్ల పగిలిన కుండ గురించి ఆవిడ చెబుతుంటే వినేవాళ్లకి దాహం వేసేది. అలాగని ఎవరినీ ముంచాలన్న బుద్ధి కాదు సుమండీ. తన మాటకి ఎదుటివాళ్ల మొహం విప్పారుతుంటే చూడటం ఆవిడకో సంబరం.

ఆ సంబరమే ఒకసారి కొంప ముంచింది. అప్పలస్వామికి మంగతాయారని ఒక్కతే అక్క. చోడవరం పక్క పల్లెలో కాపురం. ఆవిడకి పాడిగేదె కావలసి వస్తే, రత్నం తమ వీధిలో అమ్మకానికున్న గేదెను చూపించింది. కాలు కదపదు వదినా, చంటిపిల్లాడైనా పితకొచ్చు అని చెప్పింది. గేదె కొత్త ఇంటికి వెళ్లిన వారంలోనే మంగతాయారు భర్తని ఒక్క తన్ను తన్నింది. ఆయన వెళ్లి పేడకుప్పలో పడ్డాడు. చెయ్యి విరిగింది. ఊరంతా నవ్వింది. మంగతాయారు మాత్రం నవ్వలేదు. రత్నం మాట మీద ఇక మంచినీళ్లు కూడా తాగనని చెప్పి, ఆనాటినుంచి తమ్ముడి గుమ్మం తొక్కలేదు.

ఇలా ఉండగా అప్పలస్వామి కిందా మీదా పడి రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాడు. కొత్తింట్లో పాలు పొంగించేది ఆడపడుచే కదా. ముందు ఆవిడకి బొట్టు పెట్టి కొత్త చీర పెట్టాలి. ఆవిడ ఆ చీర కట్టుకుని పొయ్యి వెలిగించాలి. ఉన్న ఒక్క అక్కా రాకపోతే ఇక ఆ ఇంటికి కళ ఎక్కడిది? అప్పలస్వామి పల్లెకి వెళ్లి, అక్క ముందు కూర్చుని, లేవనంటే లేవనన్నాడు. చివరికి ఆవిడ దిగొచ్చింది. కానీ ఓ షరతు పెట్టింది.

"వస్తాన్రా. కానీ ఈసారి కూడా మీ ఆవిడ చెప్పిందొకటీ, ఉన్నదొకటీ అయిందనుకో, పాలగిన్నె పొయ్యి మీంచి దించేసి బస్సెక్కేస్తాను. ఇక జన్మలో నన్ను పిలవకు" అంది.

ఈ మాట విన్న మనిషి ఏం చేయాలి? నాలుగు రోజులు నోరు కట్టుకోవాలి. రత్నం ఏం చేసింది? అప్పలస్వామి అక్కతో ఫోనులో మాట్లాడుతుంటే ఆ ఫోను లాక్కుని, "నువ్వు రా వదినా, నీకు మడత విప్పని కంచిపట్టు చీర పెడతాను" అనేసింది. అన్నాక గుర్తొచ్చింది, ఇల్లు మింగగా మిగిలినదానికి నూలుచీర తప్ప రాదని.

అప్పలస్వామి తల పట్టుకున్నాడు. రత్నం మాత్రం అధైర్యపడలేదు. వాడేసిన బట్టలు ఫోనులోనే అమ్మేవాళ్లుంటారు కదా, వాళ్లు పెట్టిన ఫోటోలన్నీ ఓపిగ్గా తిరగేసింది. చేతిలో ఉన్న డబ్బుకే వచ్చేలా, కాకినాడలో హైమావతి అనే ఆవిడ అమ్మకానికి పెట్టిన కంచిపట్టు చీర కంటబడింది. గంధం రంగు చీర, కుంకుమ రంగు అంచు. కింద ఇలా రాసి ఉంది: "పెట్టెలోంచి తీసింది తీసినట్టే ఉంది. ఒక్కసారి కూడా కట్టలేదు. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు." రత్నం నిజంగానే కళ్లు మూసుకుని తీసుకుంది.

గృహప్రవేశం ఎల్లుండి అనగా చీర వచ్చింది. విప్పి మంచం మీద పరిచింది. పట్టు మంచిదే. అంచు నిగనిగలాడుతోంది. కానీ బట్ట చూడటంలో రత్నం కన్ను చురుకు. ఫాల్ అప్పటికే కుట్టేసి ఉంది. భుజం దగ్గర పిన్నీసు పెట్టిన చిల్లులు కనిపించాయి. వెంటనే కాకినాడకి ఫోను చేసింది.

హైమావతి మర్యాదస్తురాలే. ఫాల్ అంటారా, ఎప్పుడైనా కట్టుకుందామని ముందే కుట్టించి పెట్టానండి అంది. చిల్లులంటే, కొట్లో బొమ్మకి కట్టినప్పుడు పిన్నులు గుచ్చి ఉంటారండి అంది. దేనికి దానికి జవాబు ఉంది. రత్నం వింటూనే చీర చెంగు వేళ్లతో తడుముకుంటూ పోయింది. మూల దగ్గర వేళ్లు ఆగాయి. గంధం రంగులో కలిసిపోయి, వెతికితే తప్ప కనబడకుండా, చిన్న పసుపు బొట్టు.

కొత్త బట్టకి మూల పసుపు పెట్టకుండా మనవాళ్లు ఒంటి మీద వేసుకోరు. కట్టబోయే ముందే పెడతారు, కట్టని బట్టకి పెట్టరు. అంతే కదా?

"హైమావతిగారూ, కట్టని చీరకి పసుపు ఎవరు పెట్టారండీ?" అని అడిగింది రత్నం.



"మా చెల్లెలి పెళ్లికి ఒక్క పూట కట్టానండి. కట్టాను అని రాస్తే ఎవరూ కొనరేమోనని భయపడ్డాను" అంది హైమావతి చివరికి. కావాలంటే తిరిగి పంపేయమంది. అది వెళ్లి డబ్బు రావాలి, ఆ డబ్బుతో ఇంకో చీర రావాలి. ఈలోగా గృహప్రవేశం అయిపోతుంది. ఆ మాటే రత్నం అంటే, ఆవిడ గొంతు తగ్గించి, "ఆ మూల కాస్త సబ్బు పెట్టి రుద్దేయండి. ఇస్త్రీ చేయిస్తే మీ వాళ్లకేం తెలుస్తుందండీ?" అంది.

రత్నం ఫోను పెట్టేసి, కాసేపు హైమావతిని తిట్టుకుంది. అప్పలస్వామి కాటా దగ్గర్నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. ఆవిడ చెప్పింది సబబుగానే ఉందన్నాడు. అక్క వచ్చేది ఒక్క పూట, ఆ హడావిడిలో మూలలు వెతుకుతుందా అన్నాడు. రత్నానికీ అదే తోచింది. గిన్నెతో నీళ్లు, సబ్బుముక్క తెచ్చుకుంది. మూల తడిపి, సబ్బు రాసి, ఒక్క రుద్దు రుద్దింది.

పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో మన వంటింట్లో చిన్నపిల్లకైనా తెలుసు. తొందరలో రత్నం మర్చిపోయింది. అంతవరకు వెతికితే గాని కనబడని పసుపు బొట్టు, ఒక్కసారిగా ఎర్రగా కుంకుమబొట్టులా అయి కూర్చుంది. గుమ్మంలోంచి చూసినా కనబడుతోంది.

అప్పలస్వామికి నవ్వొచ్చింది గాని భార్య మొహం చూసి మింగేశాడు. రత్నం ఆ మూల పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆవిడకి గేదె గుర్తొచ్చింది. అప్పుడప్పుడు కాలు విసురుతుందమ్మా అని గేదెగలావిడ చెప్పనే చెప్పింది. అప్పుడప్పుడే కదా, వదినకేం తెలుస్తుందిలే అనుకుని తనే మింగేసింది. ఆ మాట భర్తకి కూడా చెప్పలేదు. హైమావతి రాసినదాన్ని చూసి ఇందాకటినుంచి తిడుతోందే, ఆ రాతలో తనకి తెలియని మాట ఒక్కటైనా ఉందా? అన్నీ తన నోట్లోంచి వచ్చే మాటలే.

మంచినీళ్లు పోసి మూల కడిగింది. ఎరుపు తగ్గి మళ్లీ పసుపైంది. దాన్ని అలాగే ఉంచేసింది.

"ఉన్నదున్నట్టు వదినకి చెప్పేస్తాను" అంది.

"ఫోనులో చెప్పావో, అక్క అసలు బయల్దేరదు. వచ్చాక చెప్పావో, వచ్చిన బస్సే ఎక్కుతుంది" అన్నాడు అప్పలస్వామి.

"ఎక్కితే ఎక్కనీ. అబద్ధం చీర కట్టించి ఆవిడ చేత పాలు పొంగించలేను" అంది రత్నం. భార్య కాపురానికి వచ్చిన నాటినుంచి ఆవిడ నోట అంత చిన్న మాట, అంత గట్టి మాట అప్పలస్వామి వినలేదు.

మర్నాడు కాకినాడకి మళ్లీ ఫోను చేసింది. చీర ఉంచుకుంటున్నానని, డబ్బు వెనక్కి అక్కర్లేదని చెప్పింది. హైమావతి ఆశ్చర్యపోయింది. తిట్టడానికి చేసిందనుకుంది పాపం. రత్నం ఒక్కటే అడిగింది. మిగతా చీరలు అమ్మకానికి పెట్టారు కదా, వాటి కింద ఉన్నదున్నట్టు రాయండి, కట్టినదాన్ని కట్టానని రాయండి అంది. నాలాంటిదే ఇంకొకత్తి కళ్లు మూసుకుని కొంటుంది కదండీ అంది. హైమావతి సరేనంది గాని, ఆ సరే ఎంతవరకో రత్నానికి తెలియదు.

గృహప్రవేశం రోజు తెల్లారేసరికి మంగతాయారు దిగింది. వెనకాల ఆవిడ భర్త. అతుక్కున్న చెయ్యి ఇంకా కాస్త వంకరగానే ఉంది. వీధివాళ్లు, కాటా దగ్గరి కూలీలు, చుట్టాలు ఇల్లంతా నిండారు. పూజ అయింది. ఆడపడుచుకి చీర పెట్టమన్నారు పంతులుగారు. రత్నం పళ్లెంలో చీర, పసుపు, కుంకుమ పెట్టుకుని వదిన ముందు నిలబడింది. అప్పలస్వామి గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఇదిగో, ఇక్కడ చూడాలి రత్నాన్ని. బొట్టు పెట్టింది. చీర చేతికివ్వలేదు. చెంగు మూల విప్పి, పసుపు పైకి వచ్చేలా పట్టుకుంది.

"వదినా, మడత విప్పని చీర పెడతానన్నాను. ఇది కాకినాడలో ఒకావిడ ఒక పూట కట్టిన చీర. కొత్తదని చెప్పి నాకు అమ్మింది. భుజం దగ్గర చిల్లులున్నాయి. ఈ మూల పసుపు ఆవిడది. మన ఇంట్లో నాకని దాచుకున్న నూలుచీర కొత్తదొకటి ఉంది, నీకు ఏది కావాలంటే అది కట్టుకో. బస్సెక్కుతానన్నా నేనేమీ అనను" అంది.

మంగతాయారు చీర అందుకుని, మూల చూసింది, చిల్లులు చూసింది. అంగడిలో బట్ట చూసినట్టు నిదానంగా తిరగేసింది.

"ఆ గేదె సంగతి కూడా ఇలాగే చెప్పి ఉంటే మీ అన్నయ్యగారి చెయ్యి బాగుండేది" అంది.

ఇక్కడితో ఊరుకున్నా రత్నాన్ని ఎవరూ తప్పు పట్టరు. నాకూ తెలియదు వదినా అంటే సరిపోయేది. ఆవిడ అలా అనలేదు.

"కాలు విసురుతుందని నాకు తెలుసు వదినా. తెలిసీ చెప్పలేదు" అంది.

అప్పలస్వామి కళ్లు తెరిచాడు. మంగతాయారు భర్త వంకర చెయ్యి నిమురుకున్నాడు. మంగతాయారు ఏమంటుందా అని ఇల్లంతా చూస్తోంది. ఆవిడ మరదలి మొహంలోకి చూసింది. తర్వాత పళ్లెంలో పసుపు చిటికెడు తీసుకుని, నీళ్లతో తడిపి, చీర రెండో మూలకి వేలితో అద్దింది.

"ఆ మూలది కాకినాడావిడది. ఈ మూలది నాది" అంది. "చీర పాతదైతే అయింది రత్నం. నీ నోట ఈ మాట మాత్రం కొత్తది. దానికోసం ఎన్నాళ్లైనా ఆగొచ్చు."

గదిలోకి వెళ్లి ఆ చీరే కట్టుకుని వచ్చింది. పొయ్యి వెలిగించింది. పాలు తెల్లగా పైకి లేచి, గిన్నె అంచు దాటి, తూర్పు వైపుకి పొంగాయి. అప్పలస్వామి ఏడుస్తున్నాడో, పొయ్యి పొగ కళ్లలోకి వెళ్లిందో ఎవరికీ తెలియలేదు. "గేదె పాలేనా?" అని మంగతాయారు భర్త అడిగితే అందరూ నవ్వారు. ఈసారి మంగతాయారు కూడా నవ్వింది.

కొన్నాళ్లకి హైమావతి తనే ఫోను చేసింది. చీరల కింద ఉన్నదున్నట్టు రాశానని చెప్పింది. మొదట్లో ఎవరూ అడగలేదట. తర్వాత తర్వాత, చిల్లులు కూడా దాచకుండా చెప్పే మనిషని, కొన్నవాళ్లే మళ్లీ అడిగి కొంటున్నారట.

ఇక రత్నం సంగతి. మాటకారితనం ఎక్కడికీ పోలేదు, అది పుట్టుకతో వచ్చింది. కానీ ఇప్పుడు వీధిలో ఎవరు ఏ పాత మిక్సీ కొన్నా, మంచం కొన్నా, రత్నం వచ్చి చూసి ఊ అంటే గాని ఇంట్లో పెట్టుకోవడం లేదు. అట్టు మాడితే మాడిందనే చెప్పి పెడుతుంది. తినేవాళ్లు మారు అడుగుతున్నారు.

మనకి అంటగట్టిన అబద్ధాన్ని మనం ఇంకొకరికి అంటగట్టకూడదు. లోపాన్ని ముందుగా చెప్పే నోటినే లోకం నమ్ముతుంది.