మూలిగే ఇంజను

వెనకటికి ఓ జమీందారు బియ్యం మిల్లులో ఇంజను గొంతు నులిమినట్టు మూలుగుతూ, వణికి వణికి ఆగిపోయేది. అది నెల కిందట చనిపోయిన ఇంజను డ్రైవరు సింహాద్రి మూలుగేనని కూలీలు పారిపోయారు.

"దెయ్యమే! వాడి గుడిసె కాల్చెయ్యండి," అన్నాడు జమీందారు పిలిపించిన మంత్రగాడు.

గుడిసెలో ఉంటున్న సింహాద్రి భార్య పైడమ్మ జమీందారుకు దండం పెట్టింది. "బాబూ, ముందు ఈయన ముక్కూ నోరూ మూయించండి."

జమీందారు సైగకు భటులు మూశారు. మంత్రగాడు అచ్చం ఇంజనులాగే మూలిగి, వణికి, కూలబడ్డాడు.

"ఊపిరి వదలనివ్వకపోతే ఎవరైనా ఇంతే బాబూ," అంది పైడమ్మ. " పొగగొట్టం చూడండి, పొగే రావట్లేదు."

గొట్టంలోంచి మసి పట్టిన కందిరీగల గూడు తీశారు. ఇంజను హాయిగా తిరిగింది. జమీందారు నవ్వి, మంత్రగాణ్ణి గెంటించాడు.

పైడమ్మ మాత్రం ఆ చప్పుడులో ఇంకా సింహాద్రి మూలుగు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గి నిలబడింది.