శాలువా సీను

"మాస్టారూ, ఆ సీను సినిమాలో లేదండి" అన్నాను.

సోమసుందరం మాస్టారు అరటిపండు ఒలుస్తూ ఆగి నావైపు చూశారు. రాజమండ్రి హైస్కూల్లో ఏళ్ళ తరబడి డ్రాయింగు చెప్పి, రిటైరయ్యాక తన మేడమీద గదిలోనే ఫిల్మ్ క్లబ్బు నడుపుతున్నారాయన. ఇంటర్ తప్పి ఫోటో స్టూడియోలో పనికి చేరిన నాకు సినిమా చూడటం నేర్పింది ఆయనే.

"ఏ సీనురా?"

"శాలువా సీనండి."

ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ సీను గురించి నేను చెప్పని మనిషి క్లబ్బులో లేడు.

ఆరేళ్ళ కిందట హైదరాబాదులో ఫిల్మ్ ఫెస్టివల్‌కి మాస్టారు మమ్మల్ని తీసుకెళ్ళారు. రైల్లో రాత్రంతా నిలబడే ప్రయాణం. దిగగానే మెడలో పాసులు, ఒంటిమీద రాజమండ్రి ఎండకి కుట్టించుకున్న పల్చటి చొక్కాలు, ఒక హాల్లోంచి ఇంకో హాల్లోకి పరుగులు. మధ్యలో మెట్లమీద చేరి టీ తాగుతూ, ఇరాన్ సినిమా గొప్పదా జపాన్ సినిమా గొప్పదా అని పోట్లాడుకునేవాళ్ళం. మాకు తెలియని దేశాల గురించి ఎంత ధీమాగా మాట్లాడేవాళ్ళమో. ఆ మెట్లు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో ఆ అల్లం టీ రుచి వస్తుంది.

ఒకరోజు మిగతావాళ్ళు పక్క హాలుకి పోతే, మాస్టారూ నేనూ ఒక హంగరీ సినిమాకి వెళ్ళాం. మంచు కురిసే చిన్న స్టేషన్లో ఒక ముసలాయన కూతురి కోసం ఎదురు చూస్తుంటాడు. రైళ్ళు వస్తాయి, పోతాయి. ఆయన బల్లమీద కూర్చునే నిద్రపోతాడు. అప్పుడు వెనకనించి ఎవరో వచ్చి, ఆయన భుజాలమీద శాలువా కప్పి, అంచు గడ్డం కిందకి దోపి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతారు. మొహం కనపడదు.

బయటికొచ్చి మెట్లమీద ఆ సీను చెబుతూ ఏడ్చేశాను. "ఆ శాలువాకి కలరా ఉండల వాసన కూడా తెలిసిందండి నాకు" అన్నాను.

బ్యాంకులో పనిచేసే పేరిశాస్త్రి గారికి టీ పొలమారింది. "హంగరీలో కూడా కలరా ఉండలేనేమిట్రా గవర్రాజూ? మాకెవరికీ లేని వాసన నీ పాసుకి ఎలా ఇచ్చారు?"

అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం టీలో తేలిన మీగడ తీసి పారేస్తూ ఉండిపోయారు.

మొన్న పేరిశాస్త్రి గారే ఎక్కడో ఆ సినిమా సంపాదించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చారు. ఆదివారం క్లబ్బులో వేస్తాం. మాకో పద్ధతి ఉంది. సినిమా వేసేముందు, దాన్ని ఇదివరకే చూసినవాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పాలి. ఈసారి వంతు నాది. ప్రొజెక్టర్ చూసుకునేది కూడా నేనే కాబట్టి నిన్న ఒక్కణ్ణే కూర్చుని ముందుగా వేసి చూశాను.

స్టేషన్ ఉంది. మంచు ఉంది. ముసలాయన నిద్రపోయాడు. తెల్లారింది. లేచి కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. ఎవరూ రాలేదు.

"ముక్క తెగిందేమో అని వెనక్కి తిప్పి తిప్పి చూశానండి. ఎక్కడా తెగలేదు" అన్నాను మాస్టారితో. "ఇన్నేళ్ళూ లేని సీను చెప్పుకుని తిరిగాను. స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తూ విసుగొచ్చినప్పుడల్లా దాన్నే తలుచుకునేవాణ్ణి. నాకు సినిమా అంటే అదేనండి. అదే లేకపోతే ఇంక నేను చూసిందేమిటి? ఆదివారం నా వంతు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. నేను రాను."

మాస్టారు పండు తినడం పూర్తిచేసి తొక్క కిటికీలో పెట్టారు.

"మీరు నా పక్కనే కూర్చున్నారు కదండి. మీరైనా చూశారా?"

మాస్టారు లేచి లోపలికి వెళ్ళారు. బీరువా తలుపు కిర్రుమంది. అడుగులు మళ్ళీ వచ్చాయి గాని, ఆయన నా ఎదురుగా రాలేదు. కుర్చీ వెనకే ఆగారు.

నా ఎడమ భుజంమీద మెత్తగా ఏదో పడింది. తర్వాత కుడి భుజంమీద. ముడతలు పడ్డ చెయ్యి ఒకటి ముందుకొచ్చి, అంచు తెచ్చి నా గడ్డం కిందకి దోపింది.

కలరా ఉండల వాసన.

నేను తల తిప్పలేదు. సినిమాలో ఆ ముసలాయన కూడా తిప్పలేదు.

"ఆ హాల్లో ఏసీ మరీ ఎక్కువరా" అన్నారు మాస్టారు వెనకనించి.

కింద రోడ్డుమీద జామకాయల బండి అరుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను శాలువా తీసి మడత పెట్టబోయాను.

"ఆదివారం దాకా ఉంచుకో" అన్నారు.