ముఖం చెక్కని ఎదురమ్మ తల్లి

మద్దిమానుపల్లెకు తూర్పున, జిల్లేళ్ళ వంక అనే వాగును దాటే చోట, దారి మధ్యలో నిలబడి ఉన్న నల్లరాతి విగ్రహమే శ్రీ ఎదురమ్మ తల్లి. బస్సు దిగిన భక్తులు కంకర దారిన కొంచెం దూరం నడిస్తే చాలు, అమ్మవారు ఎదురుగానే కనబడుతుంది. గుడి అంటూ పెద్దగా ఏమీ లేదు. రాతి స్తంభాలు, పైన బండల కప్పు, అంతే. గోపురం కట్టిస్తామని వచ్చిన దాతలు లేకపోలేదు. ఇక్కడికి వచ్చేవాళ్ళు తల్లిని చూడాలి గానీ గోపురాన్ని కాదని పెద్దలు ఒప్పుకోలేదు.

పట్టణాల కూడళ్ళలో మీరు ఎందరో మహాతల్లుల విగ్రహాలు చూసి ఉంటారు. గుర్రమెక్కి కత్తి దూసిన రాణులు, పుస్తకం పట్టుకున్న పంతులమ్మలు, బీదసాదలకు అన్నం పెట్టిన పుణ్యవతులు. ఇక దేవతల సంగతి చెప్పనక్కరలేదు, చేతికొక ఆయుధం ఉంటుంది. మా తల్లి చేతుల్లో ఏమీ లేదు. రెండు చేతులూ బారజాపి దారి ఆపుతున్నట్టు నిలబడి ఉంటుంది. పాదాలను శిల్పి ఎంత శ్రద్ధగా చెక్కాడంటే మడమల పగుళ్ళు, ఎడమకాలి బొటనవేలికి గోరు ఊడిన గుర్తు కూడా తెలుస్తాయి. ముఖం చూద్దామని తలెత్తిన వారికి మాత్రం ఉలి తాకని రాయి తప్ప ఏమీ కనిపించదు. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. దొంగలు పగలగొట్టారా, వరదలకు అరిగిపోయిందా అని యాత్రికులు అడుగుతూ ఉంటారు. రెండూ కావు. ఆ కథ మా ఊరు గొప్పగా చెప్పుకొనే కథ కాదు. అయినా చెప్పక తప్పదు, ఇక్కడ కథ చెప్పడమే మొదటి పూజ.

పూర్వం ఇక్కడ, పాళెగాళ్ళ కాలంలో, తిప్పమ్మ అనే ఇల్లాలు ఉండేది. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, పేరు అక్కులమ్మ. భర్తకు అన్న అయిన కదిరప్ప ఊరికి పెద్ద. అతడు బిడ్డను తన ఇంట్లో పెట్టుకొని పెంచాడు. తిప్పమ్మకు మాత్రం ఊరి చివర మేకల దొడ్డి పక్కన ఒక కొట్టం చూపించాడు. కదిరప్ప చెడ్డవాడని కాదు, ఆనాటి లోకరీతి అది. భర్త పోయిన ఆడది ఎదురొస్తే తలపెట్టిన పని చెడుతుందని నమ్మకం. విత్తనానికి పోయేవాడు, సంతకు పోయేవాడు, ఆమె అలికిడి వింటే చాలు మొహం తిప్పుకొనేవాడు. తిప్పుకొనే వీలు లేకపోతే ఆమె పాదాలు దాటిపోయేదాకా తల వంచుకొని నేల చూసేవాడు. పొరపాటున ఎదురుపడితే ఇంటికి తిరిగిపోయి, కాళ్ళు కడుక్కొని, గుక్కెడు నీళ్ళు తాగి, కాసేపు కూర్చొని మళ్ళీ బయలుదేరాలి.

తిప్పమ్మ ఎవరినీ ఆ ఇబ్బంది పెట్టేది కాదు. దారిలో మనిషి జాడ తెలిస్తే తానే పొదల చాటుకు తప్పుకొనేది. ఊరి మేకలన్నీ ఆమే కాసేది. ఊరందరికీ మేకలు కావాలి, వాటిని కాసే మనిషి మాత్రం కంటబడకూడదు. మధ్యాహ్నం ఊరు కునుకు తీసే వేళ అక్కులమ్మ ఎవరి కంటా పడకుండా దొడ్డి దగ్గరకు వచ్చేది. తల్లి ఒళ్ళో తల పెట్టి పేలు చూపించుకొనేది. భర్త పోయాక ఊళ్ళో తిప్పమ్మ మొహాన్ని కళ్ళారా చూసిన మనిషి ఆ బిడ్డ ఒక్కతే.

అక్కులమ్మకు ఈడు రాగానే వంక అవతలి ఊరి సంబంధం కుదిరింది. కదిరప్ప ఇంటి ముందర పందిట్లో పెళ్ళి ఘనంగా జరిగింది. కన్నతల్లి ఆ పందిరి ఛాయలకు రాలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు, పిలిచినా ఆమె వచ్చేది కాదు. తాళి కట్టే వేళ మేళం ఉధృతమైతే విని, కొట్టంలోనే నిలబడి, గుప్పెడు బియ్యం ఊరివైపు చల్లింది. కన్న బిడ్డకు ఆమె వేసిన అక్షింతలు అవే.

మరునాడు పెళ్ళికూతురిని అత్తవారింటికి సాగనంపే రోజు. తిప్పమ్మ ఎప్పటిలాగే తెల్లవారకముందే మేకలను తోలుకొని కొండెక్కింది. మేకలు మేయడం మానేసి బండల సందుల్లోకి దూరుతున్నాయి. ఏమిటా అని తలెత్తి చూస్తే పై కొండల మీద మబ్బు కమ్ముకొని ఉంది. లోయలో వాన దంచికొడుతోంది. మొదటి మలుపు దగ్గర వంక ఎర్రగా పొంగి, మాన్లను వేళ్ళతో పెకలించుకొని కిందికి దిగుతోంది. ఊరిమీద మాత్రం ఆకాశం తేటగా ఉంది, దాటే చోట ఇసుక పొడిగా ఉంది. మా సీమలో వంకల తీరే అంత. వానచుక్క పడని చోట నిలబడి ఉన్న మనిషిని కొండమీద పడిన వాన వచ్చి మింగేస్తుంది. అయితే వంక కొండ చుట్టూ తిరిగి రావాలి, కాలినడకన అడ్డంపడి దిగేవాళ్ళు ముందు చేరవచ్చు. తిప్పమ్మ మేకలను వదిలేసి దిగింది. రాతికి తగిలి బొటనవేలి గోరు ఊడిపోయినా ఆగలేదు.

ఆమె గట్టుకు చేరేసరికి బండ్లు వస్తున్నాయి. ముందు మేళగాళ్ళు, వెనుక తెర కట్టిన బండిలో పెళ్ళికూతురు, ఆ వెనుక బంధువులు, సారె బుట్టలు. తన మాట ఎవరూ వినరని తిప్పమ్మకు తెలుసు. ఆమె దగ్గర ఉన్న బలం ఒక్కటే, ఊరు ఆమెకు అంటగట్టిన అపశకునం. ఇన్నేళ్ళూ ఎవరికీ ఎదురు రాకూడదని పొదల్లో నక్కిన మనిషి ఆ ఉదయం కావాలనే రెండు చేతులూ చాపి కన్నకూతురి పెళ్ళిబండికి ఎదురు వచ్చి నిలబడింది.

మేళం ఠక్కున ఆగింది. అందరూ మొహాలు తిప్పుకొన్నారు.

“వంక వస్తాండాది బావా! పైన వాన కురస్తాండాది. బండ్లు దింపొద్దండి!” అని తిప్పమ్మ అరిచింది.

కదిరప్ప ఆకాశం వైపు చూశాడు గానీ ఆమె వైపు చూడలేదు. “మబ్బు తునక లేదు, వాన యాడుందే? బిడ్డను సూడాలని ఎత్తు ఏసినావా? పసుపారని పిల్లకు ఎదురొచ్చేదానికి నీకు మనసెట్లొచ్చె?” అన్నాడు.

ఆచారం ప్రకారం బండ్లు వెనక్కి తిరిగాయి. తిప్పమ్మ కోరుకొన్నదీ అదే. కానీ ఆచారం మనుషులను ఎంతసేపని ఆపుతుంది? కాళ్ళు కడుక్కొన్నారు, నీళ్ళు తాగారు, కాసేపు కూర్చొన్నారు, మళ్ళీ బయలుదేరి వచ్చారు. గట్టుమీద ఆమె అలాగే నిలబడి ఉంది.

ఈసారి కదిరప్ప ఓర్చుకోలేకపోయాడు. ముహూర్తం దాటిపోతోంది, మగపెళ్ళివారు గొణుగుతున్నారు. “కట్టెయ్యండ్రా దీన్ని! బండ్లు దాటినాక ఇప్పుదురు గానీ” అని పాలేర్లను పురమాయించాడు. వాళ్ళు ఎద్దుల పగ్గాలు తెచ్చి ఆమెను ఒడ్డున ఉన్న పెద్ద రాతిగుండుకు కట్టారు. ఆమె మొహం దారివైపు ఉండకూడదని రాతివైపు తిప్పి మరీ కట్టారు. తిప్పమ్మ పెనుగులాడలేదు. “నన్ను కట్టేస్తే కట్టెయ్యండి, బిడ్డను మాత్రం ఈ పొద్దు పంపొద్దు బావా. నీ కాళ్ళు పట్టుకుంటా” అని రాతికి ఆనిన నోటితోనే వేడుకొంటూ ఉండిపోయింది.

తెర లోపల ఉన్న అక్కులమ్మకు తల్లి గొంతు వినిపించింది. దిగబోయింది. పక్కన ఉన్న పేరంటాళ్ళు ఆమెను గట్టిగా పట్టుకొని, “శుభమా అని పోతా అట్ల సూడగూడదు తల్లీ” అంటూ కళ్ళకు కొంగు కప్పారు.

ఎదురు రెండోసారి అయింది గనుక రెండోసారీ వెనక్కి పోవలసిందే. బండ్లు మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళాయి. జనం కాళ్ళు కడుక్కొని నీళ్ళ చెంబులు నోటికి ఎత్తుకొనే వేళకు తూర్పున పెద్ద మోత పుట్టింది. పశువులు పగ్గాలు తెంచుకొన్నాయి. మొదట చెంబు పారేసి వంకవైపు పరుగెత్తిన వాడు కదిరప్పే. ఈ ఒక్కటీ అతని పక్షాన చెప్పాలి. అతడు చేరేసరికి రెండు గట్లూ మునిగి ఎర్రనీళ్ళు పారుతున్నాయి. గుండు కనబడలేదు. ఒడ్డున నిలబడి “తిప్పమ్మా” అని పేరుపెట్టి పిలిచాడట. తమ్ముడు పోయిన తరువాత ఆమెను అతడు పేరుతో పిలవడం అదే మొదలు.

వరద తీశాక చూస్తే గుండు దొర్లి దారి మధ్యకు వచ్చి నిలిచి ఉంది. పగ్గాలు దానికి చుట్టుకొని అలాగే ఉన్నాయి. పెళ్ళికని కొత్తగా పేనించినవి, అందుకే తెగలేదు. మనిషి మాత్రం దొరకలేదు.

అక్కులమ్మను కొండ మీది చుట్టుదారిన నడిపించి అత్తవారింటికి చేర్చారు. ఆ తరువాత మద్దిమానుపల్లె నుంచి పెళ్ళిబండి ఒక్కటి కూడా వంక దాటలేదు. ఎద్దులు ఆ గుండు దగ్గరకు రాగానే మోకాళ్ళ మీద కూలబడేవి. ములుకర్రతో పొడిచినా లేచేవి కావు. శాంతులు చేయించారు, పొట్టేళ్ళను కోశారు, ఏదీ పనిచేయలేదు. పెళ్ళైన ఆడపిల్లలు పుట్టిళ్ళలోనే ఉండిపోతుంటే ఊరంతా దిగులు కమ్మింది. కదిరప్పకు తిండి సయించక మనిషి సగమయ్యాడు.

ఒక వేకువజామున అతడికి కల వచ్చింది. ఇసుక మీద ఒక స్త్రీ అతడికి వీపు తిప్పి నిలబడి ఉంది. “తప్పయిపోయింది తల్లీ, ఒకసారి ఇట్ల తిరుగు” అని కదిరప్ప ఏడ్చాడు. ఆమె తిరగలేదు. “నేను తిరిగేది కాదు బావా. ఇంగ మీరే నాకు ఎదురు రావల్ల. ఆ గుండులో నన్ను నిలబెట్టు” అని చెప్పి మాయమైంది.

పక్క పాళెం నుంచి కాళాచారి అనే శిల్పిని పిలిపించారు. అతడు పాదాల నుంచి మొదలుపెట్టాడు. పాదాలు ఎట్లా ఉండేవని అడిగితే ఊరు ఊరంతా చెప్పింది. మడమల పగుళ్ళు ఒకరు చెప్పారు, వేళ్ళ వంకర ఒకరు చెప్పారు, ఊడిన గోరు సంగతి ఆమెను కట్టిన పాలేర్లు చెప్పారు. తలలు వంచుకొని ఏళ్ళ తరబడి అందరూ చూసినవి ఆ పాదాలే మరి. చీర కుచ్చెళ్ళు, చేతి మీది కాలిన మచ్చ కూడా చెప్పగలిగారు. ముఖం దగ్గరకు వచ్చేసరికి శిల్పి ఉలి పట్టుకొని కూర్చుండిపోయాడు. కోలమొహం అన్నాడు ఒకడు, కాదు గుండ్రం అన్నది ఒకామె. ముక్కు గురించి ఇద్దరు పెద్దమనుషులు చేయి చేసుకొనేంత పని చేశారు. చివరికి కదిరప్పను అడిగారు. “తమ్ముని పెండ్లిలో సూసింటా, గురుతు లేదు” అని అతడు తల పట్టుకొని కూలబడ్డాడు. ఒకే ఊళ్ళో ఇంతకాలం బతికిన మనిషి మొహం ఒక్కరికీ తెలియదు. ఇంతకన్న సిగ్గుచేటు ఒక ఊరికి ఏముంటుంది?

తెలిసిన బిడ్డ వంక అవతల ఉంది. కదిరప్ప నడిచి వెళ్ళి ఆమె ముందు చేతులు జోడించాడు. అక్కులమ్మ వెంట వచ్చింది. రాతి పాదాలను తడిమి చాలాసేపు ఏడ్చింది.

“చెప్పు తల్లీ, నువ్వు చెప్పినట్టే చెక్కుతా” అన్నాడు కాళాచారి.

ఆమె ఊరివాళ్ళ వైపు తిరిగింది. “మా యమ్మ నవ్వితే ఎట్లుంటాదో నాకు తెల్సు, ఏడిస్తే ఎట్లుంటాదో తెల్సు. నేను చెప్తే ఈ ఆచారి చెక్కుతాడు. మీరు దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, ఇంగ సూసినాం లే అనుకుంటారు. మీరు సూడలేదు. సూడలేదని ఈ రాయి చెప్తాండనీ.”

కదిరప్ప ఏదో అనబోయాడు. ఆమె ఆపింది. “ఆ పొద్దు నేను గూడా సూడలేదు పెద్దనాయనా. కండ్లకు కప్పిన కొంగు పెరుక్కోని దూకింటే దూకొచ్చు. దూకలేదు. నాకు తెల్సిన మొగం నాతోనే పోనీ.”

అని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమెను అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. విగ్రహం అలాగే ప్రతిష్ఠ అయింది. ఎదురు వచ్చిన తల్లి గనుక ఎదురమ్మ అన్నారు. ఆ నాటి నుంచి ఎద్దులు మోకరిల్లడం మానాయి.

నేటికీ ఈ దారిన అత్తవారింటికి పోయే ప్రతి పెళ్ళికూతురూ ఇక్కడ దిగాలి. కారైనా ట్రాక్టరైనా ఆగవలసిందే. భర్తను పోగొట్టుకొన్న ఒక స్త్రీ అమ్మవారి వెనుక నుంచి నడిచి ఆమెకు ఎదురు వస్తుంది. పెళ్ళికూతురు ఆమె మొహంలోకి తేరిపార చూసి, పేరు అడిగి, కాళ్ళకు మొక్కి, ఆమె చేతి నీళ్ళు తాగి దాటాలి. ఇట్లా దాటిన బిడ్డకు పుట్టింటి దారి మూసుకుపోదని, ఆమె పిల్లలకు నీటిగండం ఉండదని పెద్దల మాట. తక్కిన క్షేత్రాల్లో లాగా మొక్కుబడికి ముడుపులు, దారాలు ఇక్కడ కట్టరాదు. ఈ తల్లికి దేనినీ కట్టరు.

ఇంత చెప్పాక ఒక సంగతి దాచడం ధర్మం కాదు. మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళిబృందం వచ్చింది. పూజారి నారప్ప గారు ఎప్పటిలాగే “ఎదురొచ్చే తల్లి ఎవరమ్మా?” అని పిలిచారు. ఎవరూ కదలలేదు. పెళ్ళికూతురు చుట్టూ చూసి, “మా అమ్మ వచ్చింది గదా, యాడుంది?” అని అడిగింది. ఆ తల్లి అందరికన్న వెనుక, వ్యాను చాటున నిలబడి ఉంది. ఆమె భర్త పోయి ఏడాది కాలేదట. నలుగురూ బలవంతం చేస్తే వచ్చింది, బిడ్డకు ఎదురు నడిచింది, కానీ కొంగు మొహం మీదికి లాక్కొని నడిచింది. “తియ్యి మా, నేను సూడల్ల” అని బిడ్డ బతిమాలుతూ ఉంటే, “నీకు మంచి జరగనీ నాయనా, మంచి జరగనీ” అంటూ ఆ కొంగును ఇంకా గట్టిగా పట్టుకొంది. నీళ్ళు తాగించారు. ఆచారం అయిపోయిందన్నారు. బండ్లు దాటిపోయాయి. నారప్ప గారు ఆ పూట అన్నం ముట్టలేదు.

కనుక ఈ క్షేత్రానికి వచ్చే భక్తులకు మా విన్నపం. కానుకలు వేసినా వేయకపోయినా తల్లి ఏమీ అనుకోదు. మీ ఇంట, మీ వీధిలో అటువంటి అమ్మ ఉంటే వెంటబెట్టుకొని రండి, అందరికన్న ముందు నడిపించండి. ఆ కొంగు తొలగించడం రాతి తల్లి వల్ల కాలేదు, అది బతికి ఉన్న మనం చేయవలసిన పని. ఆ పని చేసిన ఇంటి ఆడబిడ్డలు ఎన్ని వంకలైనా క్షేమంగా దాటుదురు గాక.