యువరాజు కూర్చోనన్నాడు

కొండల నడుమ ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. రాజ్యం ఎంతంటే, పొద్దున్నే గుర్రమెక్కినవాడు మధ్యాహ్నం భోజనానికి అవతలి పొలిమేర చేరేటంత. రాజుగారి దర్పం మాత్రం ఏ గుర్రమూ దాటలేనంత. ఆయన దగ్గితే బాకా ఊదాలి. ఆయన నవ్వితే మద్దెల మోగాలి. వీటన్నిటికన్నా గట్టి కట్టడి ఇంకొకటుంది. రాజు నిలబడి ఉండగా ఆ రాజ్యంలో ఎవరూ కూర్చోకూడదు. ముసలివాళ్ళయినా సరే, జ్వరంతో ఉన్నవాళ్ళయినా సరే, లేచి నిలబడాల్సిందే.

ఆయన అంతఃపురంలో నాంచారమ్మ అనే దాది ఉండేది. ఉద్దండవర్మను పెంచింది ఆమే. ఇప్పుడు ఆయన కొడుకును పెంచుతున్నదీ ఆమే. ఆ పిల్లవాడికి రాజుగారు పెట్టిన పేరు రణరంగవీరకంఠీరవుడు. అంత పేరూ పలికేలోగా వాడు పక్క గదిలోకి ఉరికేవాడు. అందుకని నాంచారమ్మ వాణ్ణి బుజ్జులు అని పిలుచుకునేది.

రెండేళ్ళు దాటేదాకా బుజ్జులు అందరి పిల్లల్లాగే పెరిగాడు. నాంచారమ్మ గోడకు చేరగిలబడి కాళ్ళు చాపేది. వాడు ఆ కాళ్ళ మీద కూర్చునేవాడు. ఆమె "స్స్... స్స్..." అనేది. వాడు తన పని కానిచ్చి లేచిపోయేవాడు. ఎవరికీ ఏ చిక్కూ లేదు.

చిక్కు నిండు కొలువులో వచ్చింది. పొరుగు రాజ్యపు రాయబారి ఎదురుగా ఉండగా, బుజ్జులు తండ్రి ఒళ్ళో కూర్చుని సింహాసనం తడిపాడు. రాజుగారి పట్టుపంచె, జరీ దిండు, కాళ్ళ కింది పులితోలు, అన్నీ తడిశాయి. రాయబారి పైకి ఏమీ అనలేదు గాని మీసం చాటున నవ్వాడు. ఆ నవ్వు ఉద్దండవర్మకు అరికాలిలో ముల్లులా దిగింది.

"దాది కాళ్ళ మీద కూర్చుంటే దాది పిల్లవాడిలాగే ఉంటాడు. నా కొడుకు రాజులా కూర్చోవాలి!" అన్నాడు.

వెంటనే వెండి పీట ఒకటి తయారైంది. నడుమ కంత, కింద వెండి ముంత, చుట్టూ నెమళ్ళు, లతలు. జ్యోతిష్కుడు గరుడాచారి యువరాజు మొదటిసారి పీటెక్కడానికి ముహూర్తం చూశాడు. ఆ వేడుకకు ప్రథమోపవేశన మహోత్సవం అని పేరు కూడా పెట్టాడు.

"నేను ఎదుట లేకుండా వాణ్ణి ఆ పీట ఎక్కించకూడదు. కాళ్ళ మీద కూర్చోబెట్టడం నేటితో బందు," అని రాజు ఆజ్ఞ ఇచ్చాడు.

ముహూర్తం వచ్చింది. పిల్లవాడి గది మంత్రితోనూ, సేనాపతితోనూ, పురోహితులతోనూ, మేళగాళ్ళతోనూ నిండిపోయింది. రాజు వచ్చి పీటకు ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ గదిలో ఆయన హోదాకు తగిన ఆసనం లేదు మరి. నాంచారమ్మ బుజ్జులు లాగు విప్పింది.

"కూర్చో, కంఠీరవా!" అన్నాడు రాజు.

బుజ్జులు కూర్చోలేదు. తండ్రి మోకాళ్ళ వంక చూశాడు. తన మోకాళ్ళు రెండూ దగ్గరగా నొక్కుకుని అలాగే నిలబడ్డాడు.

సన్నాయి మోగింది. కూర్చోలేదు. గరుడాచారి మంత్రం చదివాడు. కూర్చోలేదు. సేనాపతి కత్తి దూసి వందనం చేశాడు. పిల్లవాడు ఆ కత్తి కావాలని ఏడ్చాడు గాని కూర్చోలేదు.

రాజు విసవిసా గుమ్మం దాటాడో లేదో, బుజ్జులు నిలబడ్డచోటే గరుడాచారి పంచాంగం మీద ధార వదిలాడు.

మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అదే. రోజుకొక ముహూర్తం, రోజుకొక తడిసిన తివాచీ. చివరికి ఉద్దండవర్మ మండిపడ్డాడు.

"నా ఆజ్ఞ ధిక్కరించే మొండితనం నా రక్తంలో లేదు. ఇది దాది పెంపకం! విజయదశమి కొలువుకు ఆ రాయబారి మళ్ళీ వస్తున్నాడు. ఆలోగా వీడు పీటెక్కకపోతే, నాంచారమ్మా, నువ్వు పొలిమేర దాటాలి."

నాంచారమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. పొలిమేర అవతల ఏముందో ఆమెకు తెలియదు. బుజ్జులు ఆమె చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకున్నాడు. అన్నం ఎవరు తినిపించినా తింటాడేమో గాని, తను పక్కన లేకపోతే నిద్రపోడు. ఆమె దిగులు అదీ.

ఆ సాయంత్రం ఓబళయ్య వచ్చాడు. కొలువులో కథలు చెప్పి రాజును నవ్వించడం అతని ఉద్యోగం. నవ్వించడం కష్టమైన రోజుల్లో అతను నాంచారమ్మ దగ్గర కూర్చుని అటుకులు తిని పోతుంటాడు.

"ఏడవకు గాని అక్కా, ఒకటి అడుగుతాను చెప్పు. వీడికి నువ్వు మొట్టమొదట నేర్పిందేమిటి?"

"ఏముంది ఓబళా, దణ్ణం పెట్టడం. నాన్నగారు నిలబడి ఉంటే తనూ నిలబడటం. అడుగులు పడ్డ రోజునే నేర్పమని ప్రభువులు మరీ మరీ చెప్పారు. వీడు గబుక్కున కూలబడేవాడు. నేను లేపేదాన్ని. కూలబడేవాడు, లేపేదాన్ని. నా నడుం విరిగిందనుకో. ఎలాగైతేనేం, వచ్చింది."

ఓబళయ్య నోట్లో అటుకులు నోట్లోనే ఉండిపోయాయి. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా బతుకు బుగ్గవుతుంటే నీకు నవ్వులాటగా ఉందా?"

"రేపు కొలువు తెర వెనకాల నిలబడి విను అక్కా," అని అతను లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు నాంచారమ్మ బుజ్జులును చంకనేసుకుని తెర వెనక నిలబడింది. ఓబళయ్య రాజు ముందు చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఈ రాజ్యంలో మీ ఆజ్ఞను పొల్లుపోకుండా పాటించేవాడు ఒకే ఒక్కడున్నాడు."

"ఒక్కడేమిటి? అందరూ పాటిస్తారు!"

"మంత్రిగారు మీరు నిలబడ్డప్పుడల్లా స్తంభానికి ఆనుకుంటారు. అది సగం కూర్చోవడమే కదా. సేనాపతిగారు డాలు వెనక్కి పెట్టి దాని మీద చతికిలబడతారు. గరుడాచారిగారైతే ధ్యానమని చెప్పి గొంతుక్కూర్చుంటారు."

ముగ్గురూ ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డారు.

"నేను చెప్పేవాడు అలాంటివాడు కాదు ప్రభూ. కాళ్ళు వణికినా, కళ్ళలో నీళ్ళు తిరిగినా, ఇంక ఏ నీళ్ళు తన్నుకొచ్చినా, మీరు నిలబడి ఉండగా కూర్చోలేదు. మీరేమో అతని మీద కోపగించుకున్నారు."

ఉద్దండవర్మ ఛాతీ ఉబ్బింది. "అంతటి భక్తుడి మీద నాకు కోపమా? ఎవరతను? సన్మానిస్తాను!"

"అతనికి అది నేర్పినవారినో?"

"వాళ్ళనీ సన్మానిస్తాను! ఇది నా మాట. తిరుగు లేదు."

"కొలువంతా విన్నది ప్రభూ. ఇక దయచేయండి, చూపిస్తాను. మేళాలు వద్దు."

ఓబళయ్య రాజును తిన్నగా పిల్లవాడి గదికి తీసుకెళ్ళాడు. నాంచారమ్మ వెనకే వచ్చి, బుజ్జులును వెండి పీట దగ్గర దించింది. బుజ్జులు తండ్రి మోకాళ్ళ వంక చూసి బిగుసుకుపోయాడు.

"మీరు కూర్చోండి ప్రభూ," అని ఓబళయ్య ఒక చెక్కపీట ముందుకు జరిపాడు. నాంచారమ్మ బియ్యం ఏరుకునేటప్పుడు వేసుకునే పీట అది.

"నేనా! దీని మీదా!"

"మీ భక్తుణ్ణి చూడాలంటే వేరే దారి లేదు."

ఉద్దండవర్మ అటూ ఇటూ చూశాడు. ఇంకెవరూ లేరని నమ్మకం కుదిరాక, పంచె సర్దుకుని, మూలిగి, ఆ పీట మీద కూలబడ్డాడు.

తండ్రి అలా కూర్చున్నాడో లేదో, బుజ్జులు ఇలా వెండి పీట మీద కూర్చున్నాడు. హమ్మయ్య అన్నట్టు నిట్టూర్చాడు. ముంతలో ధార గలగలమంది.

"కూర్చున్నాడు! నా కొడుకు కూర్చున్నాడు!" అని రాజు ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు.

బుజ్జులు కూడా లేచి నిలబడ్డాడు. ధార ఆగలేదు. రాజుగారి ఉత్తరీయం తడిసింది.

"కూర్చో నాయనా, కూర్చో! పని కాకుండా లేస్తారుటా ఎవరైనా!" అని నాంచారమ్మ గదమాయించింది. ఆమె అన్నది బుజ్జులునే గాని, ముప్పై ఏళ్ళ కిందట అలవాటైన ఆ గొంతుకు ఉద్దండవర్మే ముందు కూర్చున్నాడు. ఆ వెనకే కొడుకూ కూర్చున్నాడు.

గదిలో గలగల తప్ప ఇంకో చప్పుడు లేదు. రాజుకు మెల్లగా విషయం బోధపడింది.

"అయితే వీడు మొండివాడు కాదన్నమాట," అన్నాడు.

"కాదు ప్రభూ. మొండివారు వేరే ఉన్నారు. వారు కూడా ఇప్పుడే కూర్చున్నారు."

నాంచారమ్మ కళ్ళు మూసుకుంది. ఓబళయ్య తల తెగిందే అనుకుంది. ఉద్దండవర్మ మీసాలు వణికాయి. తర్వాత భుజాలు వణికాయి. ఆ తర్వాత ఆయన చెక్కపీట కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. మద్దెల లేకుండా ఆయన నవ్వగా వినడం ఆ గోడలకు అదే మొదలు. తండ్రి నవ్వాడు గదా అని బుజ్జులూ నవ్వాడు.

"అడుగు ఓబళయ్యా, ఏం కావాలో. నేను నిలబడి ఉన్నా నా ఎదుట కూర్చునే హక్కు ఇవ్వనా? ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు."

"నాకెందుకు ప్రభూ, కూర్చుంటే నాకు కథ సాగదు. నేర్పినవారిని సన్మానిస్తానన్నారు. ఆ హక్కు అక్కకు ఇవ్వండి."

రాజు తన చేతి కడియం తీసి ఓబళయ్యకు తొడిగాడు. హక్కు నాంచారమ్మకు ఇచ్చాడు. ఇక పొలిమేర ఊసు ఎవరూ ఎత్తలేదు.

విజయదశమి కొలువులో రాయబారి తన రాజుగారి బిరుదులు చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఉండగా బుజ్జులు సింహాసనం మీంచి, "నానా, ఉచ్చ!" అని సభ మారుమోగేలా అరిచాడు.

ఉద్దండవర్మ తటాలున లేచి కొడుకును ఎత్తుకున్నాడు.

"రాచకార్యం వచ్చిపడింది. మేమిద్దరం కూర్చుని రావాలి," అని రాయబారితో చెప్పి, కిరీటం పక్కకు జారుతున్నా పట్టించుకోకుండా లోపలికి పరిగెత్తాడు.

రాజు కూర్చున్నట్టు కబురు వచ్చేదాకా ఎవరూ కూర్చోవడానికి లేదు. రాయబారి, మంత్రి, సేనాపతి, గరుడాచారి, కొలువంతా నిలబడి ఉంది. నాంచారమ్మ ఒక్కతే నిండు సభలో హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుని, లోపలికి వినపడేలా కేకేసింది.

"తొందరపెట్టకు నాయనా, నిదానంగా కానివ్వు!"