కుళ్ళాయమ్మ జబ్బకూర

కుళ్ళాయమ్మ దర్గా మెట్లెక్కేసరికి వాన మళ్లీ అందుకుంది. తడిసిన కొంగు నెత్తిన కప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

లోపల ఉద్దండు తాత సాంబ్రాణి నిప్పు ఆరిపోకుండా విసురుతున్నాడు. ఆ చుట్టుపక్కల దూదేకుల ఇళ్లన్నిటికీ ఆయనే గురువు. పెళ్లికి దువా చేసేది ఆయనే. బయటికి చెప్పుకోలేని దుఃఖం ఏదైనా ఉంటే చెప్పుకునేదీ ఆయన దగ్గరే. కుళ్ళాయమ్మ పెళ్లికాక ముందే ఆయనకు శిష్యురాలైంది.

"తాయెత్తు కావాల తాతా," అంది.

"ఎవరికమ్మా?"

"మా ఇంటాయనకు."

ఆమె భర్త దాదావలి దూదేకి పరుపులు కుట్టేవాడు. వానలు మొదలైనప్పుడు జ్వరంతో మంచం పట్టాడు. జ్వరం తగ్గింది గానీ ఒంట్లోకి సత్తువ రాలేదు. గోడ పట్టుకుంటే తప్ప నిలబడలేడు. దూది చెమ్మగిల్లి ఎవరికీ పనుల్లేవు. ఇంట్లో రాగిపిండి, గుప్పెడు కందిపప్పు తప్ప పెద్దగా ఏమీ లేదు.

అట్లాంటప్పుడు ఒక గొల్లాయన పొట్టేలు గుట్ట మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆ పూటే కోసి, అగ్గువకే వాటాలు వేసి ఇచ్చేశాడు. కుళ్ళాయమ్మకు ముందరి జబ్బ దొరికింది. దేవుడే పంపించాడనుకుంది. మాంసం పడితే మొగుడు లేచి కూర్చుంటాడనుకుంది.

ఆ రోజు నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. జబ్బను ఎముకతో సహా పెద్ద కుండలో వేసి ఉడికించింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాగబెడితే చెడిపోదని ఆమెకు తెలుసు. ఏ పూటకు ఆ పూట నాలుగు తునకలు, ఇంత పులుసు తీసి ఒకసారి కందిపప్పులో వేసింది, ఒకసారి తోటకూరలో వేసింది. ఎముకలతో చారు కాచింది. కుండలో తగ్గినంత నీళ్లు మళ్లీ పోసింది. రాత్రి పడుకుంటే కళ్లు మూసినా కుండే కనిపించేది. అది అయిపోయేలోగా ఈ మనిషి లేస్తాడా?

"మాంసం పెడతాండా తాతా," అంది ఇప్పుడు. "పిల్లోళ్లకు తగ్గించి ఆయనకు పెడతాండా. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు నూకుతాడు. మా అత్తా అంతే. పిల్లోళ్లు కూడా మారు అడగరు. మా ఇంటికి ఎవురి దిష్టో తగిలింది. మాంసమంటే లేచి కూర్చునే మనిషి మాంసం వద్దంటాండాడంటే ఇంక..."

కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తాత విసనకర్ర పక్కన పెట్టాడు. "నువ్వేం తింటాండావు?"

"నాదేముంది తాతా. వాళ్లందరూ తిన్నాంక ఇంత సంగటి, మజ్జిగ..."

తాత కాసేపు ఆమె ముఖం చూశాడు. "సాయంత్రం మీ ఇంటికొస్తా. ఇంత సంగటి పెట్టు," అన్నాడు.

గురువు తనంతట తాను ఇంటికి వస్తాననడం ఎంత భాగ్యం! కానీ కుళ్ళాయమ్మ గుండెలో ముందు పడింది సంతోషం కాదు. ఇంకొక పళ్లెం. ఇంకొక తునక. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది. తల వంచుకుని మెట్లు దిగింది.

ఇంటికి పోయి కొట్టం మీద పాకిన తీగ నుంచి సొరకాయ కోసింది. కుండలో మాంసం ఎంతుందో చూసింది. చూసి మూత పెట్టింది. మళ్లీ తీసి చూసింది. సొరకాయ ముక్కలు కాస్త ఎక్కువే తరిగి వేసి, ఇంకో చెంబు నీళ్లు పోసింది.

పొద్దు వాలేటప్పుడు తాత వచ్చాడు. తడిసిన కంబళి గుమ్మం బయట దులిపి, మంచం దగ్గరికి పోయి దాదావలి చేయి పట్టుకుని చూశాడు. దాదావలిని మెల్లగా లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. పక్కన కుళ్ళాయమ్మ అత్త కాశింబీ, ఎదురుగా ఇద్దరు ఆడపిల్లలు కూర్చున్నారు.

కుళ్ళాయమ్మ వడ్డించింది. గరిటె కుండలో ముంచుతుంది. పైకి వచ్చిన తునకల్లో ఒకదాన్ని కుండ అంచుకు ఒత్తి మళ్లీ లోపలికి జారుస్తుంది. పిల్లలు గరిటెనే చూస్తున్నారు. ఆ ఇంట్లో కొన్నాళ్లుగా తిండి దగ్గర మాటల్లేవు. ఒకరోజు కాశింబీ "ఈ కూర..." అని ఏదో అనబోతే కుళ్ళాయమ్మ మధ్యలోనే అందుకుంది. "ఈ మాత్రం ఎవురింట్లో ఉడుకుతాంది అత్తా?" అని ఏడ్చింది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

తాత పళ్లెం ముందు పెట్టుకున్నాడు గానీ చేయి పెట్టలేదు.

"నువ్వూ కూర్చో," అన్నాడు.

"మీరు తినండి తాతా. నేను తర్వాత తింటా."

"నువ్వు కూర్చుంటే తింటా."

"వడ్డించేదెవురు తాతా?"

తాత మోకాళ్లు పట్టుకుని లేచాడు. ఆమె చేతిలోంచి గరిటె తీసుకున్నాడు.

తాత చేతికి ఎముక లేదని ఊరంతా చెప్పుకుంటారు. ఎవరు అడిగితే వాళ్లకు ఒంటి మీద కంబళి తీసి ఇచ్చే మనిషి. కుండ ఈ పూటతో ఖాళీ అనుకుంది కుళ్ళాయమ్మ. గురువు చేయి పట్టుకుని ఆపలేకపోయింది. మెల్లగా పోయి ఆయన చోట్లో కూర్చుంది.

తాత ఒక పళ్లెంలో సంగటి ముద్ద పెట్టాడు. మధ్యలో గుంట చేసి కూర పోశాడు. ఒక తునక, రెండు సొరకాయ ముక్కలు. అచ్చం ఆమె వేసేంతే. ఇంకెవరికీ మారు వేయలేదు. కుండ మీద మూత పెట్టేశాడు.

"తిను."

ఆమె ముద్ద తుంచి పులుసులో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముద్ద పెట్టుకుంది. ఆమె ముఖం మారింది. తునక కొరికి చూసింది.

తలెత్తి అందరినీ చూసింది. అందరూ పళ్లేల్లోకి చూస్తున్నారు.

"అత్తా, ఇందులో ఉప్పేదీ?"

కాశింబీ కొడుకు వైపు చూసింది. కొడుకు ఇంటి కప్పు వైపు చూశాడు.

"చానా దినాల నుంచి లేదమ్మా," అంది చిన్నపిల్ల మాబున్ని.

"లేకపోవడమేంది? జబ్బ ఉడకబెట్టిన పొద్దే వేసినా గదా!"

వేసింది. ఆ రోజు వేసిందే. ఆ తర్వాత కుండలో తునకలే చూసింది గానీ పోసిన నీళ్లు లెక్కలోకి రాలేదు. పప్పు వేసినా, ఆకు వేసినా, ఉప్పు ఉందిలే అనుకుంది. ఒక్క పూట కూడా నోట్లో వేసుకుని చూడలేదు.

"ఇన్నాళ్లూ చప్పిడి కూర తింటాండారా? ఒక్కరైనా చెప్పొద్దా నాకు?"

"నాయనే చెప్పొద్దన్నాడు," అంది మాబున్ని.

దాదావలి గొంతు సవరించుకున్నాడు. మాట నీరసంగా వచ్చింది. "ఎట్ల చెప్పేది కుళ్ళాయీ? కూర మాటెత్తితే నీ కండ్లల్లో నీళ్లు తిరుగుతాయి. నువ్వు తినకుండా మాకు పెడతాండావు. దానికి తోడు ఉప్పు లేదని కూడా అంటే..."

కుళ్ళాయమ్మ కొంగులో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో పిల్లలకు అర్థం కాలేదు. పెద్దపిల్ల భయంగా తాత వైపు చూసింది.

తాత ఉప్పుకుండ తీసి ఆమె ముందుకు జరిపాడు.

ఆమె లేచి పళ్లేల్లోని పులుసంతా మళ్లీ కుండలో పోసింది. ఉప్పు వేసి కలిపి పొయ్యి ఎగదోసింది. కూర కుతకుతలాడింది. ఈసారి వడ్డించేటప్పుడు ఆమె చేయి తొందరగా కదిలింది. తాతకు పెట్టింది, తనకూ పెట్టుకుంది.

దాదావలి మొదటి ముద్ద మింగాడు. రెండోది తిన్నాడు. మూడోది తిన్నాడు. పళ్లెం అంచున వేలు తిప్పి నాకాడు. ఖాళీ పళ్లెం ఆమె వైపు చాచాడు.

"ఇంకొంచెం పొయ్."

జ్వరం వచ్చిన తర్వాత అతను నోరు తెరిచి అడగడం అదే మొదలు. కుళ్ళాయమ్మ గరిటె నిండా ముంచింది. పులుసుతో పాటు పెద్ద తునక వచ్చింది. దాన్ని అంచుకు ఒత్తలేదు. అట్లాగే పోసింది. పిల్లలూ పళ్లేలు చాచారు. కాశింబీ కూడా చాచింది.

గరిటె కుండ అడుగున గీసుకుని చప్పుడైంది.

ఆ చప్పుడు వినగానే కుళ్ళాయమ్మ చేయి ఆగిపోయింది. వంగి కుండలోకి చూసింది. ఎముక, దానికి అంటుకున్న కాస్త మాంసం, నాలుగు సొరకాయ ముక్కలు.

"తాతా, రేపటికి ఎట్ల?"

తాత తన పళ్లెంలో పడిన ఎముక నోట్లో పెట్టుకుని మూలుగ జుర్రుతున్నాడు. తీరిగ్గా జుర్రి, ఎముక పళ్లెంలో పెట్టాడు.

"రేపటి కూర నేనింకా తినలేదమ్మా," అన్నాడు. "నీ పళ్లెంలోది ఎట్లుందో చెప్పు."

బాగుంది అనబోయి ఆగింది. కుండ మీద మూత పెట్టి వచ్చి తన పళ్లెం ముందు కూర్చుంది. ఒక ముద్ద పులుసులో అద్ది నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"కారం చాల్లేదు తాతా," అంది.

"ఎల్లిపాయ కూడా పడాల," అని కాశింబీ వెంటనే అందుకుంది.