గుమ్మం మీది ఉత్తరువు

పూర్వం పాలవెల్లి సీమలో రత్నమాంబ అనే వర్తకురాలు ధర్మసంస్థ పెట్టి, ఊరూరా ఉచిత బడులు నడిపించేది. వాటి అజమాయిషీకి శరభయ్య అనే అధికారిని నియమించింది. అతను మేకల వాసన భరించలేక, "కాపరుల పిల్లలు లోపలికి రాకూడదు" అని చెక్క మీద రాయించి ఒక బడి గుమ్మానికి కొట్టించాడు.

మర్నాడే మేకలు కాసే ఓబులమ్మ తన కూతురిని తెచ్చి ఆ బడిలో కూర్చోబెట్టింది. శరభయ్య మండిపడి, తనిఖీకి వచ్చిన రత్నమాంబ ముందు ఆమెను నిలబెట్టాడు.

"గుమ్మం మీద రాసింది కనబడలేదా?"

"కనబడింది బాబయ్యా. చదవడమే రాదు."

"కాపరుల పిల్లలు రాకూడదని రాసుంది!"

ఓబులమ్మ చేతులు జోడించింది. "నోటిమాట చాలనుకుంటే తమరు చెక్క మీద రాయించేవారా? రాతే ఉత్తరువు. మా ఇంట్లో ఒక్కరైనా దాన్ని చదివితేనే గదా పాటించేది! అందుకే పిల్లని తెచ్చాను."

శరభయ్య తడబడ్డాడు. "సరే, చదవడం రాగానే పంపేస్తాను!"

"చదివాక జవాబు రాయాలి గదా బాబయ్యా. రాత కూడా వచ్చేదాకా ఉండనివ్వండి."

రత్నమాంబ పకపకా నవ్వింది. "ఆ జవాబు చదవాలని నాకూ ఉంది. కానీ అంతదాకా ఆగలేను. శరభయ్యా, ఆ చెక్క ఇప్పుడే దించు."

శరభయ్య తనే నిచ్చెనెక్కి దించాడు. వారం తిరక్కుండా పంతొమ్మిదిమంది కాపరుల పిల్లలు బడిలో చేరారు. వాళ్లను వదిలి ఉండలేక రెండు మేకపిల్లలు కూడా రోజూ వచ్చి వెనక వరసలో పడుకునేవి.