నాలుగు మడతల అర్జీ

నడుముకు వేలాడే తాళంచెవి తొమ్మిది రోజులుగా యాసీన్‌ను అన్నం తిననివ్వడం లేదు.

అది అర్జీల పెట్టె తాళంచెవి. పెన్న ఒడ్డున గుట్ట మీదున్న ఆ దర్గాకు వచ్చేవాళ్ళు, ఎవరికీ చెప్పుకోలేని మాటలను దేవుడికి అర్జీగా రాసి ఆ పెట్టెలో వేస్తారు. వాటిని ఎవరూ చదవరు. ఉరుసు రోజు పొద్దున పెద్ద గంగాళం నిండా నీళ్ళు పోసి, అన్నిటినీ అందులో కడిగేస్తారు. సిరా కరిగిన ఆ నీళ్ళను రాసినవాళ్ళే చెంబులో పట్టుకుపోయి ఇంట్లో మొక్కకు పోసుకుంటారు.

యాసీన్ రాకముందు అర్జీలు మూత లేని కుండలో పడి ఉండేవి. పీరు జమాల్ షా దగ్గర శిష్యుడిగా చేరిన ఈ ఏడేళ్ళలో అతనే అంతా చక్కబెట్టాడు. టేకు పెట్టె చేయించి తాళం వేశాడు. రాయలేనివాళ్ళు మొహం చూపకుండా చెప్పుకోవడానికి అడ్డంగా తెర కట్టాడు. తెరకు ఇవతల కూర్చుని తనే రాసిపెట్టేవాడు. అదీ మామూలుగా కాదు. ఒక అక్షరానికి బదులు ఇంకో అక్షరం పెడుతూ, తను కల్పించిన రహస్య లిపిలో రాసేవాడు.

"దొంగలు పెట్టె పగలగొట్టినా ఒక్క ముక్క అర్థం కాదు, హజ్రత్," అని ఒకసారి గురువుతో గొప్పగా చెప్పాడు.

"ఎవరికీ అర్థం కాదా?"

"నాకు తప్ప ఎవరికీ కాదు."

"అయితే ఇంకా ఒకడు మిగిలినాడు," అని జమాల్ షా నవ్వి ఊరుకున్నాడు. మెచ్చుకుంటాడని కాచుకున్నాడు పాపం యాసీన్. ఆ నవ్వు అతనికి నచ్చలేదు.

తొమ్మిది రోజుల కిందట తెరకు అవతల ఒకామె వచ్చి కూర్చుంది.

"చెయ్యి వణుకుతా ఉంది. మీరే రాయండి," అంది. "ఏడేండ్ల కిందట ఒకాయన నన్ను ఒక్క మాటన్నా అడక్కుండా ఊరిడిసి పోయినాడు."

యాసీన్ కలం ఆగిపోయింది. అది సాబిరా గొంతు. నిఖా మాటలు నడుస్తుండగానే, దేవుడు పిలిచాడంటూ తను వదిలేసి వచ్చిన సాబిరా.

"తరవాత?" అన్నాడు.

అతని గొంతు వినగానే అవతల గాజుల చప్పుడు ఆగింది.

"మిగతాది నేనే రాసుకుంటా. కాగితం ఇట్లియ్యండి."

ఆమెకు అక్షరాలు దిద్దించింది తనే. తెర కింది నుంచి కాగితం, కలం జరిపాడు. ఆమె రాసి, నాలుగు మడతలు పెట్టి, కొంగు అంచు దారం లాగి కట్టి, పెట్టె చీలికలోంచి లోపలికి జార్చి వెళ్ళిపోయింది.

రేపే ఉరుసు. కడిగేస్తే ఆ కాగితంలో ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు. తనను తిరిగి పంపమని అడిగిందా? తనను మరిచిపోయే బలం ఇమ్మని అడిగిందా? ఏడేళ్ళ జపంలో అణిగిపోయిందనుకున్న ప్రేమ ఆ గొంతు వినగానే లేచి కూర్చుంది. రమ్మని రాసి ఉంటే ఈ క్షణమే గుట్ట దిగి పోవాలని ఉంది.

ఉండబట్టలేక గురువు దగ్గరికి వెళ్ళాడు.

"హజ్రత్, పెట్టెలో ఒక అర్జీ నా గురించే ఉంది. రాసినామె నాతో ఏం చెప్పిందంటే..."

జమాల్ షా రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. యాసీన్ నోరు మూసేదాకా చేతులు తియ్యలేదు.

యాసీన్ తల దించుకున్నాడు. "ఒక్కసారి చదవనియ్యండి. ఎవరికీ చెప్పను."

"నీ మనసులో ఉండేది దేవుడికి రాసినావా?"

"లేదు."

"రాసి తీసుకురా. నీ దొంగ లిపి వద్దు. అందరూ రాసేటట్లే రాయి."

యాసీన్ రాశాడు. ఏడేళ్ళుగా తనకు తాను కూడా చెప్పుకోని మాటలన్నీ వచ్చేశాయి. రెండు చోట్ల కన్నీళ్ళు పడి సిరా అలుక్కుపోయింది. మడిచి తెచ్చి గురువు చేతిలో పెట్టాడు.

జమాల్ షా ఆ కాగితం పట్టుకుని నేరుగా వాకిట్లోకి నడిచాడు. అక్కడ పదిమంది ఉరుసు వంటకు బియ్యం ఏరుతున్నారు.

"మౌలాలీ," అని వంటమనిషిని పిలిచాడు. "యాసీన్ ఏందో రాసినాడు. గట్టిగా చదువు, అందరం విందాం. మనం ఎవరికీ చెప్పంలే."

మౌలాలికి ఇలాంటివంటే మహా సరదా. చేతులు తుడుచుకుని మరీ మొదటి మడత విప్పాడు. యాసీన్ బియ్యం చేటను కాలితో తన్నుకుంటూ వచ్చి కాగితం లాక్కున్నాడు.

"అది మీకు రాసింది కాదు!"

బియ్యం ఏరే చేతులన్నీ ఆగిపోయాయి. జమాల్ షా కింద కూర్చుని ఒలికిన బియ్యం ఎత్తసాగాడు.

యాసీన్ లోపలికి వెళ్ళి తన కాగితాన్ని పెట్టెలో వేశాడు. తాళంచెవి విప్పి తెచ్చి గురువు ముందు పెట్టాడు. తనూ కూర్చుని బియ్యం ఎత్తాడు.

మరునాడు పొద్దున జమాల్ షా పెట్టె తెరిచాడు. యాసీన్ అర్జీలు ఒక్కొక్కటే తీసి గంగాళంలో వేస్తున్నాడు. దారం కట్టిన కాగితం చేతికి వచ్చింది. దాన్ని ఒక్క క్షణం అరచేతిలో ఉంచుకున్నాడు. దారం విప్పకుండానే నీళ్ళలో వదిలాడు. దాని వెనకే తన కాగితమూ వేశాడు. ఆమె సిరా ఏదో, తన సిరా ఏదో తెలియకుండా నీళ్ళు నీలంగా మారాయి.

జనం చెంబులతో వరసగా వచ్చారు. వరసలో సాబిరా వచ్చింది. ఈ రోజు మధ్యలో తెర లేదు. ఆమె చెంబు ముందుకు చాపింది. యాసీన్ గరిటె ముంచాడు గానీ పోయలేకపోయాడు.

"సాబిరా, నిన్ను ఒక మాట అడగొచ్చా?"

ఆమె తలెత్తి అతని వైపు చూసింది.

"ఈ అడగడం కోసమే ఏడేండ్లు ఎదురుచూసినా," అంది. "ముందు నీళ్ళు పొయ్యండి."

యాసీన్ తొందర తొందరగా గరిటె నిండా నీళ్ళు ఎత్తాడు.

"తొణక్కుండా పొయ్యి నాయనా," అన్నాడు వెనక నుంచి జమాల్ షా.